ఎనిమిది గంటల మేత

పక్కింటావిడ చెప్పిందని లాండ్రీ అతను చెప్పిన ప్రకారం, బుధవారం పొద్దున ఆరింటికి అల్లుడు థర్మోకోల్ పెట్టె చంకన పెట్టుకుని మామగారింట్లోకి వెళ్ళాడు. ఆరూ ఇరవైకి ఉత్త చేతులతో, కాలు కాలిన పిల్లిలా బయటికి వచ్చాడు. మధ్యలో మామగారి గొంతు "ఇవాళ్టితో సరి" అని రెండుసార్లు గట్టిగా వినబడింది. ఏదో జరగబోతోందని ఆవిడకు అప్పుడే అనిపించిందట. జరిగిపోయాక అందరికీ అలాగే అనిపిస్తుంది.

లాండ్రీ దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని కుడి మోకాలు రుద్దుకుంటూ నత్త ఇదంతా విన్నాడు. పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో ఆయనకు పెట్టిన పేరది. ఏ కేసైనా జానెడు జానెడు చొప్పున పాకుతూ వెళతాడని. ఆ ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయినా పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. మర్యాదస్తులు దానికి ఒక 'గారు' తగిలించారు, అంతే తేడా.

లాండ్రీ అతను ఇస్త్రీపెట్టె పక్కకు నిలబెట్టి ముందుకు వంగాడు. పక్కింటావిడ అసలు బాధ హత్య గురించి కాదట, మోటారు గురించట. మామగారింటి వెనక గదిలో రాత్రింబవళ్ళు నడిచే గాలి మోటారు గురక ఆమె పడకగది గోడలోంచి వస్తుంది. ఆరేళ్ళుగా ఆమెకు కంటి మీద కునుకు లేదు. అలాంటిది బుధవారం రేడియోలో ఆరున్నర వార్తలు మొదలైన కాసేపటికి ఆ గురక ఠక్కున ఆగింది. హమ్మయ్య అని అటు తిరిగి పడుకుందో లేదో, వార్తలు ముగిసేలోపే మళ్ళీ మొదలైంది. పది నిమిషాల సుఖానికి కూడా ఓర్వలేని మనుషులని తిట్టుకుందట.

మోటారు ఆగేటప్పటికి అల్లుడు లోపలున్నాడా అని నత్త అడిగాడు.

"లేడండీ. వార్తలకి పది నిమిషాల ముందే వెళ్ళిపోయాడు. ఆవిడ కళ్ళు పొరబడతాయేమో గానీ రేడియో పొరబడదుగా."

"ఈ సంగతి ఇన్‌స్పెక్టరుకి చెప్పిందా?"

"చెప్పబోయిందట. మోటారు మీద ఫిర్యాదైతే మునిసిపాలిటీలో ఇచ్చుకోమన్నాడట."

నత్త రెండు విడతలుగా లేచాడు, ముందు నడుము, తర్వాత మోకాలు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. ఐదింటికి అల్లుణ్ణి కోర్టులో హాజరు పెడతారు. అక్కణ్ణుంచి జైలుకి పంపేస్తారు. అంటే చేతిలో ఉన్నది నాలుగున్నర గంటలు. వయసులో ఉన్నప్పుడు అది చాలా ఎక్కువ సమయం. ఇప్పుడు అందులో అరగంట మెట్లకే పోతుంది.

చనిపోయిన మనిషిని ఆ వీధిలో గుర్రాల మాస్టారు అనేవారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. వెనక గదిలో, ఉప్పునీటి తొట్లలో సముద్రపు గుర్రాలు పెంచేవాడు. వేలెడంత చేపలవి. తల గుర్రంలా ఉంటుంది, తోకతో నాచుకొమ్మను చుట్టుకుని నిలబడతాయి. వాటిలో పిల్లల్ని కనేది మగది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట అని మనం నవ్వుకునే సామెత ఆ గదిలో పచ్చి నిజం. బుధవారం పొద్దున పదింటికి మాస్టారు ఆ గదిలోనే తడినేల మీద వెల్లకిలా పడి కనిపించాడు. తల వెనక భాగం సిమెంటు దిమ్మ అంచుకు కొట్టుకుంది. కుడి మణికట్టు మీద ఎవరో పట్టుకుని గుంజినట్టు కమిలిన మచ్చ. మొదట చూసి కేక పెట్టింది ఆయన భార్య. ముందురోజు రాత్రి నుంచీ రెండు వీధుల అవతల అక్కగారింట్లో ఉన్నానని, అప్పుడే వచ్చానని చెప్పింది. ప్రాణం పోయింది ఆరుకీ ఏడుకీ మధ్య అని డాక్టరు రాశాడు.

అల్లుడు ఆ పొద్దున అసలు అటు వెళ్ళనే లేదన్నాడు. అతను సూపర్‌వైజరుగా పనిచేసే గోడౌన్ ముద్ర ఉన్న థర్మోకోల్ పెట్టె గదిలో దొరికాక, వెళ్ళానన్నాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నవాణ్ణి ఏ ఇన్‌స్పెక్టరు వదులుతాడు? బుధవారం సాయంత్రానికల్లా లోపల వేశారు, కాగితాల మీద మాత్రం అరెస్టు గురువారం సాయంత్రం అని రాసుకున్నారు. బుధవారం రాత్రే మాస్టారి కూతురు నత్త ఇంటికొచ్చింది. బడిలో సైన్సు టీచరు. ఏడవలేదు. మా ఆయన పిరికివాడు, అందుకే అబద్ధం చెప్పాడు, అంత పిరికివాడు మనిషిని చంపలేడు అంది. భర్త తరఫున ఇంతకంటే మంచి వాదన నత్త వినలేదు. కేసు ఒప్పుకున్నాడు.

నిన్న లాకప్‌లో అల్లుడు చెప్పింది ఇదీ. మామగారు మంగళవారం ఫోన్ చేసి పెట్టె తెమ్మన్నాడు. గది మూసేస్తున్నానని, పెద్ద జంటను పట్టుకెళ్ళి చేపల ప్రదర్శనశాల వాళ్ళకిచ్చెయ్యమని, పిల్లల్ని కాలవలో పారబోస్తానని అన్నాడు. అత్తయ్యకు చెప్పారా మామయ్యా అని అల్లుడు అడిగాడు. గది నాది, దానికి చెప్పేదేముంది, ఇవాళ్టితో సరి అని ఆయన అరిచాడు. అత్తయ్యకు తెలియకుండా నేను ముట్టుకోను అని అల్లుడు పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఏడూ ఐదుకి గోడౌన్‌లో వేలిముద్ర మిషన్ మీద అతని బొటనవేలు పడింది. మామగారింటి నుంచి గోడౌనుకు అరగంట దారి.

చివరగా నత్త ఏదో మాటవరసకి అడిగినట్టు, ఆ గుర్రం పిల్లలు ఏం తింటాయయ్యా అని అడిగాడు.

"నలుసులు తింటాయండీ. వాటిలో తెల్లదేదో కలుపుతారు, పచ్చదేదో కలుపుతారు. ఏది ఎప్పుడో నాకు తెలీదు. మా అత్తయ్యని అడగాలి."

మామయ్యను అడగాలి అనలేదు. ఆ ఒక్క మాట నిన్న మధ్యాహ్నం నుంచీ నత్త చెప్పులో రాయిలా గుచ్చుకుంటోంది.

*

మాస్టారి వెనక గది గుమ్మం దగ్గర కానిస్టేబుల్ కుర్చీలో కూర్చుని కునుకుతున్నాడు. గదికి సీలు వేశారు గానీ లోపల ఉన్నవి ప్రాణమున్న సామాను. అవి చస్తే కేసు సామాను పాడుచేశారని పై నుంచి అక్షింతలు పడతాయి. అందుకని మాస్టారి భార్య రోజూ వచ్చి మేత పెట్టడానికి ఇన్‌స్పెక్టరు ఒప్పుకున్నాడు. ఆమెను వీధిలో అందరూ నోట్లో నాలుక లేని మనిషి అంటారు. కూతురు కూడా అదే మాటంది. అమ్మకేం తెలీదండీ, గది అంతా నాన్నదే అని.

లోపల నిన్న సాయంత్రంలాగే ఉడుకు. ఉప్పు వాసన, దాని కింద చేపనూనె వాసన. ఒక గోడ నిండా మాస్టారి పేరు మీద వచ్చిన ప్రశంసాపత్రాలు. వాటి కింద తొట్లు. ఎదురుగా చెక్క స్టాండులో మూడు పెద్ద సీసాలు అడుగు కోసి తలకిందులుగా బిగించి ఉన్నాయి. ఒక్కోదాని మూతిలోంచి గాలిగొట్టం లోపలికి వెళ్ళి నీళ్ళను కుతకుతలాడిస్తోంది. ఆ నీళ్ళలో నారింజరంగు దుమ్ములా తిరుగుతున్నవే నలుసులు. కంటికి అర మిల్లీమీటరు కూడా ఆనని ఉప్పునీటి రొయ్య పిల్లలు. స్టాండుకు కట్టిన అట్టముక్క మీద పెన్సిలుతో రాసి ఉంది: 'రాత్రి ఎనిమిది తెల్లది. పొద్దున ఎనిమిది పచ్చది.'

ప్రశంసాపత్రాల పక్కన వేలాడే పాత తొట్టి లెక్కలు మాస్టారి రాత. గొలుసులాగా వాలుగా ఉంది. అట్టముక్క మీద రాత గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా, నాలుగో తరగతి దగ్గర ఆగిపోయిన చెయ్యిలా ఉంది.

మాస్టారి భార్య ఒక తొట్టి ముందు వంగి, సన్నటి గొట్టంతో నలుసులను చుక్క చుక్కగా వదులుతోంది. గోటి అంత గుర్రం పిల్లలు, దాదాపు అరవై, ప్లాస్టిక్ వల దారాలకు తోకలు చుట్టుకుని వేలాడుతున్నాయి. నలుసు ఎదురుగా రాగానే మూతి చాచి టప్పున పీల్చుకుంటున్నాయి. చూస్తుంటే మోకాలి నొప్పి మరిచిపోయేలా ఉంది. నత్త మరిచిపోలేదు, కానీ అలా ఉంది.

స్టూలు మీద కూర్చుని, ఈ తెల్లదీ పచ్చదీ ఏమిటమ్మా, ముసలోడికి అర్థమయ్యేట్టు చెప్పు అన్నాడు. నాకేం తెలుసండీ అంది. నత్త ఊరుకున్నాడు. ఊరుకోవడమే ఆయన విద్య. కాసేపటికి ఆమె తొట్టి వైపు తిరిగే చెప్పడం మొదలుపెట్టింది.

గుడ్లు ఉప్పునీటిలో వేస్తే ఒక రోజుకి నలుసులు పుడతాయి. పుట్టగానే వాటికి నోరుండదు. ఎనిమిది గంటలు ఆగితే అప్పుడు తెరుచుకుంటుంది. అప్పటిదాకా ఏం కలిపినా నీళ్ళు కుళ్ళడం తప్ప ప్రయోజనం లేదు. నోరు తెరిచాక రాత్రి ఎనిమిదింటికి చేపనూనె చిలికిన తెల్లది పెడతారు. తెల్లారి ఎనిమిదింటికి నాచు ముద్ద కరిగించిన పచ్చది పెడతారు. అప్పుడు నలుసు కడుపు నిండుతుంది. నిండిన నలుసును గుర్రం పిల్ల తింటుంది. మేతకు ముందు మేత పెట్టాలి, అదీ కిటుకు.

"పుట్టినవాటిని పుట్టినట్టే వేస్తే తినవా?"

"తింటాయి. పొట్ట నిండినట్టే ఉంటుంది. పదిహేను రోజులకి ఒక్కటీ మిగలదు. తాలుగింజలు తిన్న కోడిపిల్లల్లాగా." గొట్టం కొస తుడిచింది. "పదకొండు కాన్పులు అలాగే పోయాయి. ఇది పన్నెండోది. నూనె పాళ్ళు మార్చాను, పచ్చది ఇంకాస్త పెంచాను."

"ఇవాళ ఎన్నో రోజు?"

"పదిహేను."

"ఇవాళ దాటితే?"

"దాటితే బతుకుతాయి."

మార్చాను, పెంచాను. అన్నాక ఆమెకే వినబడినట్టుంది. అంతా ఆయనే చూసుకునేవారు, నేను అందించేదాన్ని అని కలిపింది. నత్త తలూపాడు. గొట్టం పట్టుకున్న ఆమె కుడి బొటనవేలి గోటి అంచున పచ్చగీత ఉంది. పొలంలో పనిచేసేవాళ్ళ గోటి కింద మట్టి ఎలా పోదో అలా పోనిది, ఏళ్ళ నాటిది.

ఇక్కడిదాకా వచ్చాక వెనక్కి తిరిగి ఇంటికి పోతే బాగుండునని నత్తకు అనిపించింది. ఈ ఉద్యోగంలో నిజం దగ్గరకొస్తున్నప్పుడల్లా ఉత్సాహం వచ్చే వయసు ఒకటుంటుంది. అది దాటాక నిద్ర వస్తుంది.

*

ఒంటిగంటన్నరకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెనకే మాస్టారి కూతురు, చేతిలో స్టేషన్ నుంచి తెచ్చిన ఖాళీ క్యారేజీతో. ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు నత్త కింద పనిచేసినవాడే. రెండు రాత్రుల నిద్ర కళ్ళలో ఎర్రగా ఉంది.

"గురువుగారూ, మీరడిగిన సీసా తెచ్చాను. విషం లేదని లాబ్ వాళ్ళు బుధవారమే చెప్పారు. మీరింకా ఏం వెతుకుతున్నారో నాకు తెలీదు. నన్ను ఒక్క కేసైనా మూసుకోనివ్వండి."

సీసా చిటికెనవేలంత ఉంది. బుధవారం పదిన్నరకు, మాస్టారికి ఎవరైనా ఏదైనా పెట్టారేమో అని క్లూస్ టీము వాళ్ళు గదిలో ప్రతి పాత్రలోంచీ కాస్త కాస్త తీసి మందులో నిలవ పెట్టారు. ఇది మధ్య సీసాలోంచి తీసింది. చీటీ మీద టైము కూడా ఉంది.

నత్త తన సంచిలోంచి కూతురి బడి మైక్రోస్కోపు తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన అలాంటివే ఇంకో రెండు చిన్న సీసాలు పెట్టాడు. సంగతి ఇదీ అని మెల్లగా చెప్పాడు. నిన్న సాయంత్రం కానిస్టేబుల్ ఎదురుగా ఇక్కణ్ణుంచే నలుసుల్ని, కాస్త తెల్లదాన్ని, పచ్చ ముద్దను పట్టుకెళ్ళాడు. రాత్రి ఎనిమిదింటికి తెల్లది పెట్టాడు. పొద్దున వాటిని రెండు పాత్రల్లో పోసి, ఒకదానికి ఆరింటికి పచ్చది పెట్టాడు, రెండోదానికి ఎనిమిదింటికి పెట్టాడు. పదిన్నరకు రెండిట్లోంచీ తీసి నిలవ పెట్టాడు. వంటింట్లో గాలి మోటారు పెట్టినందుకు ఇంటావిడ పొద్దుటి నుంచీ ఆయనతో మాట్లాడటం లేదు.

ఇన్‌స్పెక్టరు తలుపుకు ఆనుకుని నిట్టూర్చాడు. "గురువుగారు ఆవలిస్తే పేగులు లెక్కపెడతారని డిపార్ట్‌మెంట్‌లో అనేవాళ్ళు. ఇప్పుడు ఆవలించని వాటివి కూడా లెక్కపెడుతున్నారన్నమాట."

"మనుషులవి లెక్కపెట్టీ పెట్టీ విసుగొచ్చింది," అన్నాడు నత్త. "అమ్మాయ్, నువ్వు చూడు. నీకు అలవాటు."

కూతురు క్యారేజీ కింద పెట్టి వంగింది. మొదటి సీసా, ఆరింటి మేతది, చుక్క చూసింది. తిన్నది అరిగిపోయి పేగు దాదాపు ఖాళీ, తోక దగ్గర రెండు పచ్చ చుక్కలు మిగిలాయి అంది. రెండోది, ఎనిమిదింటిది, చూసింది. తల నుంచి తోక దాకా నిండుగా పచ్చగీత అంది. మూడోది, బుధవారం నాటిది, చాలాసేపు చూసింది. అద్దం తిప్పి మళ్ళీ చూసింది.

"రెండోదాని లాగే ఉంది," అంది.

"అంటే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అంటే బుధవారం పొద్దున పచ్చ మేత పెట్టింది ఆరింటికి కాదు, ఎనిమిదింటికి," అన్నాడు నత్త. "అట్టముక్క మీద రాసున్న టైముకే."

"మాస్టారు పెట్టుంటాడు."

"నీ డాక్టరు ఆయన్ని ఏడు దాటనివ్వలేదు."

"డాక్టర్లన్నాక గంట అటూ ఇటూ అవుతుంది."

"సరే, గంట అటు జరుపు. ఎనిమిదింటికి మాస్టారు బతికే ఉన్నాడు. అప్పుడు నువ్వు పట్టుకున్న అల్లుడెక్కడున్నాడు? ఏడూ ఐదుకే అతని బొటనవేలు గోడౌన్‌లో ఉంది. గంట జరపకపోతే శవం ఉన్న గదిలో ఇంకెవరో మేత పెట్టారు. ఎటు జరిపినా నీ చేతిలో ఉన్నవాడు జారిపోతాడు."

ఇన్‌స్పెక్టరు తలుపు వదిలి నిటారుగా నిలబడ్డాడు. అతను తెలివితక్కువవాడు కాదు, అలసిపోయినవాడు. ఆ రెంటికీ పెద్ద తేడా ఉంది గానీ లాకప్‌లో ఉన్నవాడికి తెలియదు.

నత్త మోటారు సంగతి కూడా చెప్పాడు. అల్లుడు వెళ్ళింది ఆరూ ఇరవైకి. ఆరున్నర వార్తల మధ్యలో మోటారు ఆగింది. గది మూసేస్తానన్న మనిషి ప్లగ్గు పీకి ఉంటాడు. గాలి ఆగితే ఆ సీసాల్లో నలుసులు ఎంతోసేపు బతకవు, రాత్రి పెట్టిన నూనే ముందు వాటికి ఊపిరాడనివ్వదు. పది నిమిషాల్లో మోటారు మళ్ళీ మొదలైంది. పీకినవాడే పెట్టుకున్నాడంటావా? ఇవాళ్టితో సరి అని వీధికి వినబడేట్టు అరిచినవాడు?

"ఎవడో లోపలికొచ్చాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా. "గొడవైంది. మాస్టారు పడిపోయాడు. వచ్చినవాడు మోటారు పెట్టాడు. ఎనిమిదింటికి శవాన్ని దాటుకెళ్ళి చేపలకి అన్నం..."

"చేపలకి కాదు. చేపల మేతకి."

"ఏ దొంగ చేస్తాడండీ ఆ పని?"

"దొంగ చెయ్యడు."

ఆ తర్వాతి మాట చెప్పడానికి నత్త మోకాలు సర్దుకున్నాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు, ఇంకా ఏదైనా సర్దుకోవడానికి ఉందేమో అని చూసుకున్నాడు. నిన్న సాయంత్రం ఆయన మాస్టారి వదినగారి ఇంటికి, అంటే మాస్టారి భార్య అక్క ఇంటికి వెళ్ళాడు. ఆ పెద్దావిడకు భుజం పట్టేసింది. రోజూ ఆరింటికల్లా వ్యాయామం చేయించే ఆసుపత్రికి వెళ్ళి తొమ్మిదిన్నరకు తిరిగొస్తుంది. బుధవారం కూడా అంతే. వచ్చేసరికి చెల్లెలు వంటింట్లో కూర తరుగుతోంది. వేళ్ళు పచ్చగా ఉంటే ఆకుకూర అనుకున్నానండీ అందావిడ. ఆకుకూరే తరిగిందా అని నత్త అడిగాడు. ఆ పూట వండింది బంగాళాదుంప.

ఇన్‌స్పెక్టరు చూపు అట్టముక్క మీదికి, అక్కణ్ణుంచి మాస్టారి భార్య చేతుల మీదికి వెళ్ళింది. కూతురు మైక్రోస్కోపు మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. ఆ యంత్రాన్ని తనే తెచ్చి ఇచ్చింది. సీసాలోకి తనే చూసి చెప్పింది. ఇంత బరువు ఆ పిల్ల నెత్తిన పెట్టినందుకు నత్తకు తన మీద తనకే రోత పుట్టింది. కానీ ఇంకొకరు చూసి చెబితే ఆమె నమ్మి ఉండేది కాదు.

తల్లి ఇంకా తొట్టి ముందే ఉంది. గొట్టంలో మిగిలిన నాలుగు చుక్కలూ వదిలి, దాన్ని మంచినీళ్ళలో కడిగి, బోర్లించింది. అప్పుడు ఇటు తిరిగింది.

"వెనక సందులోంచి వచ్చాను," అంది. ఎవరూ అడగకముందే. "పొద్దుటి మేత నేనే పెడతాను రోజూ. వచ్చేసరికి ప్లగ్గు పీకేసి ఉంది. పెట్టబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. నేనూ ఆయన చెయ్యి పట్టుకుని గుంజాను. తోశాను. నేల తడిగా ఉంది."

ఇన్‌స్పెక్టరు గొంతులో వెటకారం పోయింది. డాక్టర్ని పిలవలేదా అని అడిగాడు.

"చూశాను. ఊపిరి లేదు. మోటారు పెట్టాను."

"ఆరూ ముప్పావు నుంచి ఎనిమిది దాకా ఏం చేశావమ్మా?"

"కూర్చున్నాను." నత్త కూర్చున్న స్టూలు చూపించింది. నత్తకు లేవాలనిపించింది. మోకాలు సాయం రాలేదు.

"అక్కడే? ఆయన పక్కనే? ఎందుకు?"

"ఎనిమిది కాలేదుగా."

కానిస్టేబుల్ ఎప్పుడు లేచాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు అతన్ని చూడకుండానే చేత్తో ఆగమన్నాడు. కూతురు మైక్రోస్కోపు వదిలి తల్లి దగ్గరికి రెండడుగులు వేసి, మూడోది వెయ్యలేక ఆగిపోయింది. తండ్రి పోయిన రోజు ఏడవని మనిషి, భర్తను తీసుకెళ్ళిన రోజు ఏడవని మనిషి. ఇప్పుడు కూడా కళ్ళలో నీళ్ళు లేవు. గొంతు మాత్రం చిన్నపిల్లది అయిపోయింది.

"అమ్మా, నాన్న సంగతి తర్వాత. కోపంలో జరిగిందంటే నేను నమ్ముతాను. కానీ మా ఆయన నీకు చెప్పందే చెయ్యి పెట్టనన్నాడు ఈ గదిలో. నీ కోసం మాట పడ్డాడు. రెండు రోజుల నుంచి లాకప్‌లో ఉన్నాడు. పొద్దున అన్నం తీసుకెళితే ముద్ద దిగడం లేదు ఆయనకి. నువ్వు రోజూ వచ్చి వీటికి మేత పెట్టి వెళ్ళావు. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

తల్లి పక్కకు తిరిగి గోడ మీది గడియారం చూసింది. రెండు కావస్తోంది. తర్వాత వలదారాలకు వేలాడే అరవై పిల్లల్నీ ఒకసారి చూసుకుంది, లెక్క సరిపోయిందా అన్నట్టు.

"రెండు రోజులు లాకప్‌లో ఉంటే మనిషి చావడమ్మా. రెండు పూటలు మేత లేకపోతే ఇవి చస్తాయి."